ఎదురెదురు పడవలు

"నది ఎటు పోతుందే?" అంది ముత్యాలమ్మ.



హాల్లోని మంచాలను వరండాలోకి నెట్టేశారు. కడిగి ఆరబెట్టిన గచ్చు మీద తెర రెండు సగాలూ మొదటిసారి పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఎడమ సగం పెద్దకోడలు ఫ్లోరెన్స్‌ది. కుడి సగం చిన్నకోడలు మహిమది. ఆదివారం ఇల్లందు చర్చి యాభై ఏళ్ల పండుగకు ఆల్టరు వెనక వేలాడవలసిన తెర అది.

ఫ్లోరెన్స్ నది కుడివైపుకు పరుగెత్తుతోంది. పడవలు, చేపలు, ఒడ్డున వాలిన గడ్డి, అన్నీ అటే. మహిమ నది ఎడమవైపుకు పరుగెత్తుతోంది. రెండూ సరిగ్గా నడుమ అతుకు దగ్గర ఢీకొన్నాయి. ఇటు పెద్ద పడవ ముక్కు, అటు అద్దాల ఆకుల చెట్టు కింద పెద్ద పడవ ముక్కు, మధ్యలో జానెడు ఎడం.

ముత్యాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కొట్టుకునేటట్టే ఉన్నయి. అచ్చం నా కోడళ్ల లెక్కనే."

చిన్నకొడుకు సుకుమార్ ఫక్కున నవ్వాడు. మహిమ వాడివైపు చూసింది. వాడు నవ్వు మానేశాడు.

నిన్నటిదాకా రెండు గదుల మధ్య గుమ్మానికి ముత్యాలమ్మ పాత చీర కట్టి ఉంది. ఈ పక్క ఫ్లోరెన్స్ మిషను, ఆ పక్క మహిమ సూదులు. ఒకరి పని ఒకరు చూడకూడదని ఎవరూ చెప్పలేదు. చీర మాత్రం ఎవరూ పక్కకు తీయలేదు. అన్నం పెట్టుకోవడానికి కూడా చుట్టూ పెరట్లోంచి తిరిగి వెళ్లారు.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు దీవెనమ్మ టీచర్ అంశం ఇచ్చింది, జీవజలముల నది అని. కొలతలు ఇచ్చింది. నీళ్ల నీలం ఇద్దరికీ ఒకే తానులోంచి చింపి ఇచ్చింది. "చెరొక సగం చెయ్యుండ్రి. ఎవరి చెయ్యి వాళ్లదే కనబడాలె" అంది. పండుగ తర్వాత చర్చి ఆవరణలో ఆడపిల్లలకు కుట్టుబడి తెరుస్తారు. దానికి ఒక్కరే టీచరు. ఆ ఒక్కరూ ఎవరో ఈ తెర చూసి చెబుతారు.

నీలం కలిసింది. ఒడ్డుల ఎత్తు కూడా కలిసింది. నది ఎటు పోతుందో మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.

"తప్పు ఎవలదంటే ఏమున్నది గానీ," అన్నాడు మామ లూకా, తెర వేలాడదీసే కర్రను గరుకు కాగితంతో రుద్దుతూ, "ఒకలు విప్పాలె."

"ఎవరు?" అంది మహిమ.

లూకా కర్రను ఇంకొంచెం గట్టిగా రుద్దాడు.

"నేనెందుకు విప్పాలి మామయ్యా? నది ఇటే పోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా."

"నేను జూడలేదా?" అంది ఫ్లోరెన్స్. "గోదారి ఒడ్డున పుట్టినదాన్నే నేను సుత. నాకు నేర్పుతవా?"

"నేర్పే మాట కాదక్కా. నాలుగు రోజులు కళ్లు పోయేలా కూర్చుని ఆ చెట్టు కుట్టాను. విప్పమంటే ఎట్లా?"

"నీయే కళ్లు. నాయి గవ్వలు."

సుకుమార్ అందుకున్నాడు. "వదినా, కోపం చెయ్యకు. మహిమది మగ్గం పని. విప్పితే బట్ట పాడైతది. నీదంటే పాత బట్టల ముక్కలేనాయె. జల్దీ విప్పొచ్చు, జల్దీ అతకొచ్చు."

గనిలో రెండో షిఫ్టు సైరను మోగి ఆగింది.

పాత బట్టల ముక్కలు. ఫ్లోరెన్స్ తన సగంలోని పెద్ద పడవను చూసింది. అది భర్త జాషువా గని డ్యూటీ ప్యాంటుతో కుట్టినది. ఎన్ని ఉతుకులు ఉతికినా బొగ్గు నలుపు వదలని ప్యాంటు. ఆ నలుపు కోసమే దాన్ని దాచి, ఆ నలుపు ఎక్కడ చిక్కగా ఉందో వెతికి, అక్కడ కత్తెర పెట్టింది. ఆయనకు కూడా చెప్పలేదు. గుర్తుపడతాడో లేదో ఆదివారం చూద్దామనుకుంది.

"నువ్వు మధ్యలో రాకురా," అంది ముత్యాలమ్మ కొడుకుతో.

"నేనేమన్న? ఉన్నమాటన్న. మహిమకు సర్టిఫికెట్ ఉన్నది. ఆ పోస్టు వస్తే చర్చి ఎనక గది కూడా ఇస్తరంట. మా బతుకు మేము బతుకుతం. వదినకు ఆ పోస్టుతోని ఏం పని?"

మహిమ తల దించుకుంది. గది సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు.

ముత్యాలమ్మ కొడుకును చూసింది, తర్వాత చిన్నకోడలిని చూసింది. "అవునా బిడ్డా?" అని మాత్రం అంది.

ఫ్లోరెన్స్ వంటింట్లోకి నడిచింది. నానబెట్టిన పప్పు ఇంకా మెత్తబడలేదు. అయినా రోట్లో వేసింది.

ఆ పోస్టుతో తనకేం పని? పెళ్లయి ఈ కాలనీకి వచ్చినప్పటి నుంచి గేటు దగ్గర వినబడే పిలుపు ఒకటే. మిషనామే, జాకెట్టు అయ్యిందా? మిషనామే, లైనింగు ఎందుకు పిగిలింది? పేరు ఫ్లోరెన్స్ అని చర్చి రిజిస్టరులో తప్ప ఎవరి నోటా లేదు. కుట్టుబడి తెరుస్తారని విన్న రోజున, గిన్నెలు తోముతూ తోముతూ తనను తానే నెమ్మదిగా పిలుచుకుంది, ఫ్లోరెన్స్ టీచరమ్మా అని. వెంటనే సిగ్గేసి నల్లా గట్టిగా తిప్పింది.

పప్పు రోటి బయటికి చిందింది.

"అది నానలేదక్కా," అంది వెనకనుంచి మహిమ.

"తెల్సు."

మహిమ గుమ్మంలోనే నిలబడింది. ఫ్లోరెన్స్ ఉండగా లోపలికి రావడం ఇన్నాళ్లుగా మానేసిన మనిషి, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు గోడకు ఆనుకుంది.

"గది సంగతి చెప్పాలనుకున్నాను."

"చీర అడ్డం ఉండెగా. ఎట్ల చెప్తవ్?"

ఫ్లోరెన్స్ పొత్రం మళ్లీ తిప్పింది.

"అక్కా, ఒక్కటి అడగనా? నిజం చెప్పు. కావాలనే అటు తిప్పావా?"

ఫ్లోరెన్స్ పొత్రం ఆపింది. "కావాలని తిప్పుతనా? నీది ఎటున్నదో నాకెట్ల తెలుస్తది? నది గట్లనే పోతది కాబట్టి గట్ల కుట్టిన. చిన్నప్పుడు మా అమ్మతోని బట్టలుతక పోయిన. మా తమ్ముని బనీను చేతిలకెల్లి జారింది. ఇగో, ఈ చేతి దిక్కు కొట్టుకపోయింది." కుడిచేయి చాపింది. చేతినిండా పప్పు. "దాని ఎంట ఎంతదూరం ఉరికిన్నో. మా అమ్మ వీపు మీద గుద్దిన గుద్దు ఇప్పటికీ ఉన్నది."

మహిమ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

"నా చెప్పు పోయింది," అంది చివరికి. "మెట్ల మీద కూర్చుని కాళ్లు ఆడిస్తుంటే. కొత్త చెప్పు. అది ఇటు పోయింది." ఎడమచేయి చాపింది.

ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా చేతులు చాపుకుని నిలబడ్డారు.

"నీది బూర్గంపాడు కదా," అంది మహిమ మెల్లగా.

"నీది భద్రాచలం."

"ఆ ఒడ్డు."

"ఈ ఒడ్డు."

ముత్యాలమ్మ నీళ్లకని వచ్చి ఇద్దరినీ చూసి ఆగిపోయింది. "ఏందే, బొమ్మల్లెక్క నిలబడ్డరు?"

"అత్తమ్మా, ఒకటే గోదారి," అంది ఫ్లోరెన్స్. "నేను ఈ ఒడ్డుకెల్లి చూసిన. అది ఆ ఒడ్డుకెల్లి చూసింది. నాకు కుడికి పోతది, దానికి ఎడమకు పోతది."

ముత్యాలమ్మ ఆలోచించింది. ఆమెది పెనుబల్లి పక్క పల్లె.

"మాకు చెరువు," అంది. "అది ఎటూ పోదు. ఏ కొట్లాట లేదు."

మహిమకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు. ఫ్లోరెన్స్ నవ్వలేదు. పప్పు చేతిని కడుక్కుని హాల్లోకి నడిచింది.

తప్పు ఎవరిదీ కాదని తెలిసినంత మాత్రాన పడవలు కదలలేదు. మళ్లీ అదే గచ్చు, అదే జానెడు ఎడం.

"ఎవరిదీ తప్పు కాదు. మరి ఎవరు విప్పాలి?" అంది మహిమ.

"అదే కద."

లూకా కర్ర పక్కన పెట్టాడు. "రెండింటి నడుమ ఒక కొండ పెట్టున్రి. ఏ నదికానది."

"అట్లయితే రెండు తెరలు అయితయి మామయ్యా. అడిగింది ఒకటే," అంది ఫ్లోరెన్స్.

"మరి రెండు నీళ్లూ ఎదురొస్తే ఏమైతది?" అంది ముత్యాలమ్మ. "ఎక్కడికో ఒకదిక్కు పోవాలెగా. మీదికైతే ఎక్కవు."

మహిమ మోకాళ్ల మీద కూర్చుంది. సుద్దముక్క తీసుకుని అతుకు మీద ఒక గీత గీసింది. ఎడమ నుంచి వచ్చే నీళ్లు నడుమ దగ్గర వంగి కిందికి దిగాయి.

"ఇది కూడా దిగాలె," అని ఫ్లోరెన్స్ ఆమె చేతిలోంచి సుద్ద లాక్కుని కుడివైపు నీళ్లను వంచింది. "గింత సన్నగా కాదు. రెండు నదులు కలిస్తే సన్నగుంటదా? ఇడల్పు చెయ్యి."

"వెడల్పు చేస్తే నా చెట్టు నీళ్లలో పడుతుంది."

"నా పడవ పడ్తలేదా?"

"ఇంకొంచెం పక్కకి..."

"పక్కకంటే నా ఒడ్డు పోతది. సగం సగం పోనీ."

"కిందికి దిగి ఎక్కడ ఆగుతది?" అంది ముత్యాలమ్మ. "తెర అంచు దగ్గర ముందట అందరు మోకాళ్లేస్తరు. నీళ్లు వాళ్ల మీదికే వస్తయి."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రానీ," అన్నారు కోడళ్లిద్దరూ ఒకేసారి.

అంచు దాకా గీశారు. చెరిపారు. మళ్లీ గీశారు. మొదటి గీత ఎవరిదో, చివరి గీత ఎవరిదో గచ్చు మీద సుద్దపొడికి కూడా తెలియకుండా పోయింది. చివరికి తేలింది ఒక్కటి. నది దిగాలంటే నడుమ చోటు ఖాళీ కావాలి. ఫ్లోరెన్స్ నల్ల పడవ పోవాలి. మహిమ అద్దాల ఆకుల చెట్టు, దాని కింది పడవతో సహా పోవాలి. మిగతావన్నీ ఉండొచ్చు. ఆ రెండూ ఉండటానికి మాత్రం లేదు.

ఫ్లోరెన్స్ కత్తెర పట్టుకుంది. పడవ కుట్టు దగ్గర పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. పక్కన మహిమ కూడా చెట్టు మొదట్లో సూది గుచ్చి అలాగే కూర్చుంది.

"ఇటియ్యి," అంది ఫ్లోరెన్స్ చాలాసేపటికి. "నీది నేను విప్పుత. నాది నువ్వు విప్పు."

చోట్లు మార్చుకున్నారు.

మహిమ పడవ అంచున సూదిమొన దూర్చి లాగింది. దారం కదలలేదు. ఇంకోచోట లాగింది. "అక్కా, ఇదేం కుట్టు? రావట్లేదు."

"రావొద్దనే గద కుట్టింది."

అటువైపు ఫ్లోరెన్స్ ఆకు కొస దొరకబుచ్చుకుని ఒక్కసారి గుంజింది. గొలుసుకుట్టు గొలుసుగొలుసంతా జరజరా ఊడి వచ్చేసింది. ఒడిలో పచ్చదారం కుప్పపడింది.

"నీది చూడు. ఒక్క కొస దొరికితే మొత్తం బయటపడ్డది. నీ గది సంగతి లెక్కనే."

మహిమ మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వింది. ఈసారి ఫ్లోరెన్స్ కూడా నవ్వింది. వరండాలోంచి తొంగిచూసిన సుకుమార్, ఇక్కడ తన అవసరం లేదని గ్రహించి చెప్పులేసుకున్నాడు.

నడుమ అతుకు మిషను కిందికి పోలేదు. లైనింగు, పైబట్ట, నీళ్ల పొరలు కలిసి దిండంత మందమైంది. లూకా నులక విప్పిన మంచం చట్రానికి తెరను బిగించి కట్టి, కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. అంత మందంలో సూదిని ఒకరు పైనుంచి దింపాలి, ఇంకొకరు కింద కూర్చుని అందుకుని మళ్లీ పైకి పంపాలి. బొంతలు కుట్టే పద్ధతే.

"నువ్వు కిందికి దూరు. నాకు నడుము పట్టేస్తది," అంది ఫ్లోరెన్స్.

"అన్నింటికీ చిన్నకోడలే."

"చిన్నకోడలివి గాబట్టే. గదిలకు పోయినంక నువ్వే పెద్దకోడలివి, నువ్వే చిన్నకోడలివి."

మహిమ చట్రం కిందికి దూరింది. సూది దిగింది. సూది లేచింది. మొదట్లో చాలాసార్లు తప్పు చోట లేచింది. "ఇటు, ఇటు, నా బొటనవేలు దగ్గర." "నీ బొటనవేలు నాకెట్లా కనబడుతుందక్కా?" ఫ్లోరెన్స్ బట్టను గోటితో తట్టడం మొదలుపెట్టింది. తట్టినచోట సూది లేచింది. ఇంకాసేపటికి తట్టడం కూడా అవసరం లేకపోయింది.

నల్ల పడవను రెండు ముక్కలు చేసి నీళ్ల లోతులకు నీడగా పరిచారు. దాని అంచులకు మహిమ గొలుసుకుట్టు వేసింది. ఊడదీసిన అద్దాలను ఫ్లోరెన్స్ తన చిన్న పడవల అడుగున, అల తగిలేచోట గుచ్చింది. జాషువా ఆదివారం వెతికితే పడవ దొరకదు. నీళ్లలో ఎక్కడో ఆ నలుపు మాత్రం ఉంటుంది. ఆ సంగతి ఆలోచిస్తూ ఫ్లోరెన్స్ రెండుసార్లు వేలు గుచ్చుకుంది.

మర్నాడు పొద్దు వాలకముందే దీవెనమ్మ టీచర్ వచ్చింది. మెత్తటి మనిషి. గొంతు ఎత్తి ఎరగదు. ఎత్తనవసరం లేనంతగా ఇల్లందులో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నారు.

కళ్లద్దాలు సర్దుకుని చట్రం చుట్టూ తిరిగింది. నీళ్లు రెండు దిక్కుల నుంచి వచ్చి, నడుమ కలిసి, అంచు మీదికి వెడల్పుగా దిగే చోట ఆగింది. చాలాసేపు అక్కడే నిలబడింది.

"నా కాళ్ల మీదికి వచ్చినట్టే ఉన్నది," అంది.

ముత్యాలమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది.

"నడుమ దింపాలన్న ఆలోచన ఎవరిది?"

ఫ్లోరెన్స్ మహిమను చూసింది. మహిమ అత్తను చూసింది.

"నీళ్లు మీదికెక్కవని నేనే అన్న," అంది ముత్యాలమ్మ. "గీసింది వీళ్లు. ఎవలు ఎంత గీసిన్రో దేవునికే తెలుసు."

"ఈ అద్దాలు మహిమవేనా?"

"అద్దాలు నావే టీచర్. గుచ్చింది అక్క."

"ఈ నలుపు?"

"బట్ట నాది," అంది ఫ్లోరెన్స్. "అంచు మహిమది."

దీవెనమ్మ కుర్చీలో కూర్చుంది. మొహంలో సంతోషం ఉంది. దాని వెనకే ఇంకేదో ఉంది.

"నేను చెరొక సగం ఎందుకిచ్చిన? చెయ్యి చూసి చెప్పొచ్చు అని. ఇప్పుడు మీరు రెండు చేతులు కలిపేసిన్రు. పని బంగారం లెక్కున్నది, నేనెందుకు కాదంట? కానీ రేపు కమిటీలో ఒక్క పేరు చెప్పాలె నేను."

"రెండు పేర్లు చెప్పున్రి," అంది ముత్యాలమ్మ.

"గది ఒకటి, పోస్టు ఒకటి. రెండు పేర్లు చెప్తే మూడో మనిషిని పెడ్తరు వదినా. కమిటీ నాకు తెల్వదా?" దీవెనమ్మ నిట్టూర్చింది. "పని చూసి చెప్పలేకపోతే కాగితం అడుగుతరు. కాగితం మహిమకే ఉన్నది."

ఫ్లోరెన్స్ చేతిలో సూది ఉంది. దాంట్లోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. దారం కొస చీలిపోయింది. తడిచేసి మళ్లీ ఎక్కించింది.

నిన్న ఒకరిది ఒకరం విప్పుదామని అన్నది తనే. పడవ ఉండి ఉంటే, ఆ కుట్టు చూపించి, విప్పి చూడండి, వస్తుందేమో చూడండి, అని ఉండేది.

"ఏం మహిమా?" అంది దీవెనమ్మ. "నీకు ఇష్టమేనా? నీ పేరు చెప్పమంటవా?"

వీధిలో కొత్తగూడెం బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. అది మలుపు తిరిగాక మహిమ నోరు తెరిచింది.

"ఆలోచించి చెప్తాను టీచర్," అంది.

వద్దనలేదు.

"రేపు పొద్దుగాల చెప్పు," అని దీవెనమ్మ లేచింది. పోతూ పోతూ తెర అంచును ఒకసారి వేళ్లతో తాకింది. ముత్యాలమ్మ ఆమెను గేటు దాకా సాగనంపడానికి వెళ్లింది.

హాల్లో ఇద్దరే మిగిలారు. నడుమ అతుకులో ఇంకా బారెడు కుట్టాల్సి ఉంది.

"విన్నావు కదక్కా," అంది మహిమ. "నేను వద్దని అనలేకపోయాను. అనాలనే నోరు తెరిచాను."

"విన్న."

"నీకు కోపం లేదా?"

"ఉన్నది." ఫ్లోరెన్స్ దారానికి ముడి వేసింది. "నన్నడిగినా నేను సుత వద్దనకపోదును. అందుకని కోపం ఎవల మీద చెయ్యాల్నో సమజైతలేదు."

"ఆయన గది చూసి కూడా వచ్చాడు. కిటికీ బాగుందంట."

"మంచిది. ఎలుతురుంటే సూది కనబడుతది."

మహిమ ఇంకేదో చెప్పబోయింది. ఫ్లోరెన్స్ తెర మీద చేయి పరిచి అతుకు సరిచేసింది.

"ఆదివారం దగ్గరికొచ్చింది. నడుమ తెరిచి పెట్టుకుని ఏడుస్తమా? కిందికి దూరు."

మహిమ కొంగు దోపుకుని చట్రం కిందికి దూరింది.

ఫ్లోరెన్స్ నీళ్లు కలిసే చోట సూది మొన ఆనించి, బొటనవేలితో నొక్కి, కన్నం దాకా దింపింది. కిందనుంచి మహిమ అందుకున్నట్టు దారం బిగిసింది.

ఆమె ఎదురుచూసింది.

బట్ట కింద మహిమ చేయి ఆనిన చోటు ఉబ్బెత్తుగా కనబడుతోంది. సూది ఆ చేతిలోనే ఉంది. పైకి రావడం లేదు.

"మహిమా," అంది ఫ్లోరెన్స్. "టీచర్‌కు జవాబు రేపు గద చెప్పేది. సూదియ్యి."

ఆ చేయి కదల్లేదు.